చెవికెక్కిన ఇడియమ్స్

పరీక్ష మొదటి అటెంప్ట్‌లో ఇంగ్లిష్‌లో పోగొట్టుకున్న ఒక మార్కు నాకు ఇప్పటికీ గుర్తుంది. 'షి వాజ్ ఆల్ ఇయర్స్' అన్న వాక్యం ఇచ్చి అర్థం అడిగారు. ఎవరేం చెప్పినా నమ్మేయడం అన్న ఆప్షన్ పెట్టాను. సరైన జవాబు ఎంతో ఆసక్తిగా వినడం. ఆ ఇడియమ్ (జాతీయం) నా నోట్‌బుక్‌లో ఉంది, అంతకుముందు వారమే చదివాను కూడా. కానీ పేజీకి 40 చొప్పున, ఇంగ్లిష్ అర్థాలతో బట్టీ పట్టినవన్నీ పరీక్ష హాల్లో టెన్షన్‌కి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ప్రతి ఇడియమ్‌కీ మన భాషలో ఏమంటామో వెతుక్కోవడం మొదలుపెట్టాను. 'ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు' అంటాం కదా, ఆల్ ఇయర్స్ అచ్చంగా అదే! ప్రిక్ అప్ యువర్ ఇయర్స్ అంటే చెవులు రిక్కించడం. టర్న్ ఎ డెఫ్ ఇయర్ అంటే పెడచెవిన పెట్టడం. ఇలా జత కుదిరినవి మళ్లీ మర్చిపోలేదు. జత దొరకనివాటిని మాత్రం వాక్యంలో పెట్టి రాసుకున్నాను.

అర్థం తెలిస్తే సగం పనే అయినట్టు. వాడుక దగ్గరే మార్కులు పోతాయి. వినేది ఒక్కరే అయినా 'ఐయామ్ ఆల్ ఇయర్స్' అనాలి, ఇయర్ అనకూడదు. ఇది మాటల్లో వాడేది, 'చెప్పు, వింటున్నా' అన్నట్టు. ఆఫీసు ఉత్తరంలో నప్పదు. ఆల్ ఐస్, ఆల్ థంబ్స్ కూడా ఇదే అచ్చు. మొదటిది కళ్లప్పగించి చూడటం, రెండోది చేతిపనిలో తడబడటం.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది డెఫ్ ఇయర్ జంట. టర్న్ ఎ డెఫ్ ఇయర్‌కి కర్త మనిషి, వెనకాల 'టు' రావాలి. ఫాల్ ఆన్ డెఫ్ ఇయర్స్‌కి కర్త సలహా, హెచ్చరిక, విన్నపం లాంటిది. 'అతను సలహాను పెడచెవిన పెట్టాడు', 'సలహా అతని చెవికెక్కలేదు' అని పక్కపక్కన రాసుకుంటే తేడా తేలిపోతుంది. ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నలు) కోసం ఇంకొకటి: పే హీడ్ పక్కన 'టు', టేక్ హీడ్ పక్కన 'ఆఫ్'. హీడ్ అంటే ఊరికే వినడం కాదు, విన్నదాన్ని పట్టించుకోవడం.

చెవి కనిపించిన ప్రతిచోటా వినడమే అనుకోకండి. ప్లే ఇట్ బై ఇయర్ అంటే ముందస్తు ప్లాన్ లేకుండా పరిస్థితిని బట్టి నడుచుకోవడం. అప్ టు యువర్ ఇయర్స్ అంటే పనిలోనో అప్పుల్లోనో పీకల్లోతు మునిగిపోవడం.

రెండో అటెంప్ట్‌లో 'హర్ వార్నింగ్స్' అని మొదలుపెట్టి తర్వాత ఖాళీ ఇచ్చారు. కర్త హెచ్చరికలు, మనిషి కాదు. 'ఫెల్ ఆన్ డెఫ్ ఇయర్స్' పెట్టి వెంటనే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.