అట్టముక్క చేతికిచ్చాక

స్వీడన్‌లో డిజైనర్‌గా చేరిన కొత్తలో, ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి చూసుకునే వర్కర్ల కోసం ఒక యాప్ పని నా మీద పడింది. వర్క్‌షాప్ పెట్టాం, అదీ వాళ్ళ బ్రేక్ టైమ్‌లో, స్టిక్కీ నోట్లు పంచి మీ అభిప్రాయాలు రాయండి అన్నాం. వచ్చినవారిలో చాలామంది నాలాగే బయటి దేశాలవాళ్ళు. గంటసేపు కూర్చుంటే "బావుంది", "ఓకే" తప్ప ఏమీ రాలేదు. వీళ్ళకి ఇంట్రెస్ట్ లేదని మా మేనేజర్ తేల్చేశాడు. నాకు చివుక్కుమంది, ఎందుకంటే మీటింగుల్లో నా పరిస్థితీ అదే, స్వీడిష్ అర్థమవుతుంది కానీ నేను వాక్యం కూడబలుక్కునేలోపు టాపిక్ ఎక్కడికో వెళ్ళిపోతుంది, ఇక నవ్వి ఊరుకోవడమే.

తమాషా ఏంటంటే, వాడేవాళ్ళనే కూర్చోబెట్టి వాళ్ళతో కలిసి డిజైన్ చేసే ఈ పద్ధతి (పార్టిసిపేటరీ డిజైన్) పుట్టిందే ఈ చుట్టుపక్కల. 1970ల్లో నార్వేలో కంప్యూటర్ శాస్త్రవేత్త క్రిస్టెన్ నైగార్డ్ లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. తర్వాత 1981లో మొదలైన యుటోపియా ప్రాజెక్ట్‌లో పత్రికల ప్రింటింగ్ కార్మికులూ రీసెర్చర్లూ కలిసి, ఖాళీ అట్టపెట్టెనే లేజర్ ప్రింటర్ అనుకుని దాంతో పని చేసి చూసేవాళ్ళు. రాయడం కాదు, చేసి చూపించడం.

రెండోసారి డ్యూటీ టైమ్‌లోనే పిలిపించా (దీనికి నెల రోజులు బతిమాలాల్సి వచ్చింది), ఫోన్ సైజు అట్టముక్కలు ఇచ్చి నిన్నటి పని చేసి చూపించండి అన్నా. ఒకావిడ కుర్చీలోంచి పెద్దాయన్ని లేపుతున్నట్టు రెండు చేతులూ చాపి, "ఇప్పుడు ఈ బటన్ దేనితో నొక్కను, ముక్కుతోనా?" అంది. అంతే, అందరూ నవ్వారు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటం మొదలుపెట్టారు, తప్పుల స్వీడిష్‌లోనే, ఎవరూ ఆగలా.

ఆ ఊపులోనే ఆవిడ అడిగింది, యాప్‌లో పెట్టిన ఈ టైమర్ మేం ఒక్కో ఇంట్లో ఎంతసేపున్నామో పట్టుకోడానికేనా అని. అవును, దానికే. అది పైవాళ్ళు ముందే ఓకే చేసేశారు, రంగులూ బటన్లూ మాత్రమే వీళ్ళకి వదిలారు. అమెరికాలో ప్రభుత్వ విధానాల మీద పనిచేసిన షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది, అందులో అభిప్రాయం అడగడం కింద నుంచి నాలుగో మెట్టు, వింటారు గానీ మార్చే పూచీ ఉండదు. నేను ఆ మెట్టు మీదే నిలబడి, వాళ్ళని పైకి ఎక్కించానని మురిసిపోతున్నా.

రిపోర్ట్‌లో టైమర్ గురించి మొదటి పేజీలోనే రాశా. జవాబు రాలేదు. మూడో వర్క్‌షాప్‌కి రమ్మని ఆవిడకి మెసేజ్ పెడితే వెంటనే రిప్లై వచ్చింది, "ముందు టైమర్ సంగతి ఏమైందో చెప్పండి" అని.