ఫోన్ పోయాక ఓటీపీ రాని 24 గంటలు

సప్తగిరి సర్కిల్‌లో ఆటో దిగి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఎట్లా పోయింది, ఎవరు తీశారు అనే కథ వద్దు. ఆ మధ్యాహ్నం నుంచి మూడో రోజు సాయంత్రం దాకా అనంతపురంలో నేను చేసిన పనులు, వాటి వరస, ఎక్కడెక్కడ ఇరుక్కున్నానో అది మాత్రం రాస్తాను. చేయాల్సినవి పెద్దగా ఏమీ లేవు: ఫోన్‌కి తాళం, సిమ్ ఆపడం, పోలీసు ఫిర్యాదు, కొత్త సిమ్, ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) బ్లాకు. వరస తప్పితే మాత్రం ఒక్కో పనికి ఒక్కో రోజు పోతుంది.

పక్కన కొట్టాయన ఫోన్ తీసుకుని నా నంబర్‌కి చేశాను. రెండుసార్లు మోగింది, మూడోసారి స్విచాఫ్. ఇక్కడే మొదటి నిర్ణయం. ఫోన్ ఇంకా మోగుతూ ఉంటే ముందు దానికి దూరం నుంచి తాళం వేయాలి, తర్వాత సిమ్ ఆపించాలి. సిమ్ ఆపితే ఫోన్‌లో నెట్ పోతుంది, తాళం వేయమని మనం పంపే ఆదేశం దానికి చేరదు. అప్పటికే స్విచాఫ్ అయిందంటే ఎదురుచూడకుండా సిమ్ ముందు. నాది రెండో రకం.

సిమ్‌కి అంత తొందర ఎందుకంటే, ఫోన్‌కి ఎంత గట్టి లాకున్నా, మనం విడిగా పెట్టుకుంటే తప్ప సిమ్‌కి ఉండదు. పిన్నుతో ట్రే లాగి వేరే ఫోన్‌లో వేస్తే మన ఓటీపీలన్నీ అక్కడ మోగుతాయి. యూపీఐ పిన్ కొత్తగా పెట్టాలంటే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, దాని గడువు నెల, ఏడాది, ఒక ఓటీపీ చాలా బ్యాంకులకి చాలు. ఆధార్ దారిలో అయితే ఆధార్ మొదటి 6 అంకెలు, ఓటీపీ. మనలో సగం మంది ఫ్లిప్ కవర్‌లో పెట్టుకునేవి ఏవి? ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు. ఫోన్‌తోపాటు తాళంచెవి కూడా ఇచ్చి పంపినట్టే. నా కవర్‌లో బస్ టికెట్టు తప్ప ఏమీ లేదు, అది నా తెలివి కాదు, కవర్ చిన్నది. ఏదైనా కార్డు పోయి ఉంటే సిమ్‌తోపాటే బ్యాంకుకి కూడా ఫోన్ చేసి కార్డు, యూపీఐ రెండూ ఆపించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి.

కస్టమర్ కేర్ వాళ్లు సిమ్ ఆపే ముందు పేరు, పుట్టిన తేదీ, చివరి రీచార్జి లాంటివి అడిగి మనమేనా అని తేల్చుకుంటారు. సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లు పక్కనుంటే మంచిది.

ఆ తర్వాత ఫైండ్ హబ్, పోయిన ఫోన్‌ని దూరం నుంచి వెతికి తాళం వేసే గూగుల్ యాప్. మనం ఫైండ్ మై డివైస్ అనే అలవాటుగా పిలుస్తాం, 2025లో పేరు మార్చారు. వేరేవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ యాప్ తెరిస్తే అతిథిగా సైన్ ఇన్ అయ్యే దారి ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టగానే గూగుల్ ఏమందంటే, 'మీ ఫోన్‌కి నోటిఫికేషన్ పంపాం, అవును అని నొక్కండి.' ఆ ఫోనే కదా పోయింది! ఇట్లాంటప్పుడు పనికొచ్చేవి బ్యాకప్ కోడ్‌లు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లకి గూగుల్ 8 అంకెల కోడ్‌లు పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. అవి కాగితం మీద రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టి ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడ చేత ఒకటి చదివించుకున్నాను. అవి ఫోన్‌లోనే నోట్స్‌లో దాచుకుంటే దాచనట్టే.

లోపలికి వెళ్లాక 'పోయినట్టు గుర్తించు' అనేదే నొక్కాలి, 'చెరిపేయి' కాదు. మొదటిది స్క్రీన్‌కి తాళం వేసి, దొరికినవాళ్లకి మనం రాసిన మాట, ఫోన్ చేయాల్సిన నంబర్ చూపిస్తుంది. రెండోది నొక్కితే లోపలున్నదంతా పోతుంది, దాంతోపాటు ఫోన్ ఎక్కడుందో చూసే వీలు కూడా పోతుంది. స్విచాఫ్‌లో ఉన్నా ఆదేశం పంపి ఉంచొచ్చు, ఎప్పుడు నెట్‌కి తగిలితే అప్పుడు అమలవుతుంది. అదే తెరలో ఐఎంఈఐ కూడా దొరుకుతుంది, అప్పుడే రాసుకోండి. డబ్బా పారేసినవాళ్లకి అదొక్కటే దిక్కు కావచ్చు. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ఆర్డర్ బిల్లు మీద కూడా చాలాసార్లు ఉంటుంది.

పోలీసు ఫిర్యాదుకి ఏ స్టేషన్ అన్నది ముందు తేల్చుకోవాలి. అనంతపురంలో వన్ టౌన్ నుంచి ఫోర్ టౌన్ దాకా ఉన్నాయి, ఫోన్ పోయిన చోటు ఎవరి కిందికి వస్తుందో అక్కడి కొట్లవాళ్లని అడిగితే చెప్తారు. ధర్మవరం, కదిరి బస్సులో పోయిందనుకోండి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊర్లు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఏ ఊరు దాటాక పోయిందో గుర్తు చేసుకుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది.

అర్జీలో కంపెనీ, మోడల్, రంగు, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు ఐఎంఈఐలూ, అందులో ఉన్న నంబర్లు, తేదీ, సుమారు టైము, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుండగా అనేది ఉంటే చాలు. ఐఎంఈఐ 15 అంకెలు. నేను రాసేటప్పుడు ఒకటి మింగేశాను. 'లెక్కపెట్టుకో అప్పా, పద్నాలుగే ఉండాయి' అని అక్కడ రాసుకునే ఆయనే పట్టుకున్నాడు. ముద్ర, తేదీ, ఫిర్యాదు నంబర్ ఉన్న కాగితం చేతికొచ్చేదాకా కదలొద్దు, తర్వాత ఫారంలో ఆ నంబరే అడుగుతారు. కొన్ని స్టేషన్లలో వాళ్లే ఐఎంఈఐ బ్లాకుకి నమోదు చేస్తారు. చేస్తామంటే రిక్వెస్ట్ ఐడీ రాయించుకోండి. ఫోన్‌కి ఇన్సూరెన్స్ ఉంటే, లేదా లాక్కుపోయారంటే, ఉత్త రసీదు చాలదు, ఎఫ్‌ఐఆర్ అడగాలి. దాని నకలు ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి.

అదే సాయంత్రం సుభాష్ రోడ్డు వైపు వెళ్లి కొత్త సిమ్. ఒరిజినల్ ఆధార్, వేలిముద్ర. ఇక్కడ తేడా కొట్టేవి రెండు. సిమ్ నాయన పేరునో తమ్ముడి పేరునో ఉంటే మన వేలు పనికిరాదు, వాళ్లే రావాలి. పదేళ్ల కింద ఎవరి ఆధార్ పెట్టి తీసుకున్నామో చాలామందికి గుర్తుండదు. రెండోది, శెనక్కాయలు ఒలిచిన చేతులకి, సిమెంటు పని చేసే చేతులకి వేలిముద్ర అంత తేలిగ్గా పడదు. తడిగుడ్డతో తుడిచి బొటనవేలు వదిలేసి మిగతా వేళ్లు ఒక్కొక్కటీ పెట్టి చూడమనండి.

పాత ఫోన్ ఒకటి మూలన పడుంటే దాంట్లో సిమ్ వేశాను. కాల్స్ మొదలయ్యాయి. అమ్మయ్య అనుకుని ఐఎంఈఐ బ్లాకు ఫారం తెరిచి, అన్నీ నింపి, ఓటీపీ నొక్కి కూర్చున్నాను. రాలేదు. మళ్లీ నొక్కాను. సిగ్నల్ అనుకుని మిద్దె మీదకెక్కాను. ఆ రాత్రి అట్లా నాలుగుసార్లు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్ రాదు, పోదు. అది లోపం కాదు, నిబంధన. మన పేరుతో ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీలు వెంటనే వాళ్ల చేతిలో పడకుండా పెట్టిన అడ్డు. మంచిదే, కానీ నిజంగా ఫోన్ పోయినవాడికి అదొక ఉపవాసం. ఆ 24 గంటలు సిమ్ యాక్టివేట్ అయిన క్షణం నుంచి లెక్క. అందుకే సిమ్ పని ఎంత ముందు అయితే అంత మేలు. రేపు పొద్దున ఉగ్గాని తిని తీరిగ్గా పోదాం అనుకుంటే ఒక రోజు వెనక్కి పోయినట్టే. ఇంకో అడ్డు కూడా ఉంది: సిమ్ మార్చిన 7 రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ కాలేరు, 2024 జులై 1 నుంచి.

మూసేది ఎస్సెమ్మెస్ ఒక్కటే, కాల్స్ కాదు. అంటే ఓటీపీని గొంతుతో చెప్పే ఏ సర్వీసైనా అప్పుడే పనిచేస్తుంది. వాట్సాప్‌లో నంబర్ కొట్టాక కాసేపటికి 'నాకు కాల్ చేయండి' అనే దారి కనిపిస్తుంది. దాంతో ఆ రాత్రే నా వాట్సాప్ నా చేతికొచ్చింది. పోయిన ఫోన్‌లోది తనంతట తనే లాగవుట్ అయిపోతుంది. టూ స్టెప్ పిన్ పెట్టుకుని మరిచిపోయి, దానికి ఈమెయిల్ కూడా ఇవ్వకపోయి ఉంటే మాత్రం 7 రోజులు ఆగాలి. పాత మెసేజీలు తిరిగి రావాలంటే అదే నంబర్, బ్యాకప్ పెట్టిన అదే గూగుల్ ఖాతా ఆ ఫోన్‌లో ముందే ఉండాలి. అది చేర్చకుండా తొందరపడి 'స్కిప్' నొక్కొద్దు. తర్వాత వచ్చే కొత్త బ్యాకప్ పాతదాని మీద కూర్చుంటుంది.

యూపీఐకి ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ యాపే మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపి ఈ ఫోన్, ఈ నంబర్ ఒకటే అని ముడి వేస్తుంది. ఎస్సెమ్మెస్ పోకపోతే ముడి పడదు. ఒక రోజుకి చేతిలో నోట్లు ఉండాలి. బ్యాంకులో విత్‌డ్రాయల్ స్లిప్ ఇప్పటికీ పనిచేస్తుంది, పాస్‌బుక్ దొరికితే.

మరుసటి రోజు సాయంత్రం టింగుమని మొదటి ఎస్సెమ్మెస్ పడింది, ఏదో రీచార్జి ఆఫర్. అంత సంతోషంగా ఆఫర్ మెసేజీ ఎప్పుడూ చదవలేదు. వెంటనే సంచార్ సాథి. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్, దేశమంతటికీ 2023 మే నుంచి, యాప్ 2025 జనవరి నుంచి. అందులో పోయిన ఫోన్ బ్లాకు చేసే భాగం పేరు సీఈఐఆర్. ఫారంలో ముందు ఫోన్ వివరాలు: నంబర్, రెండు ఐఎంఈఐలు, కంపెనీ, మోడల్, బిల్లు. తర్వాత పోయిన చోటు, తేదీ, రాష్ట్రం, జిల్లా, స్టేషన్, ఫిర్యాదు నంబర్, ఆ కాగితం కాపీ. చివర మన పేరు, అడ్రసు, గుర్తింపు కార్డు, ఓటీపీ. బిల్లు లేకపోయినా నడుస్తుంది, పోలీసు కాగితం, గుర్తింపు కార్డు లేకుండా నడవదు. ఐఎంఈఐ1 మాత్రమే ఇచ్చి రెండోది వదిలేయకండి. రెండో స్లాట్‌లో సిమ్ వేసి వాడుకోనిచ్చినట్టవుతుంది. కాగితాల ఫోటోలు ముందే తీసి సిద్ధంగా పెట్టుకుంటే మధ్యలో పేజీ గడువు దాటిపోయి మళ్లీ మొదటికి రాదు. చివర వచ్చే రిక్వెస్ట్ ఐడీని స్క్రీన్‌షాట్ తీసుకోండి, పెన్నుతో కూడా రాసుకోండి.

ఫారం పంపిన 24 గంటల్లోపు బ్లాకు పడుతుంది, ఆ తర్వాత దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ నెట్‌వర్క్‌కి తగలదు. అంటే బళ్లారి దాటించినా, బెంగళూరులో అమ్మినా సిమ్ పరంగా అది రాయి. వైఫై మీద పాటలు వినడానికి పనికొస్తుంది, దేశం దాటితే పనిచేయొచ్చు కూడా. బ్లాకు చేస్తే పోలీసులు పట్టుకోలేరేమో అని కొందరికి అనుమానం. అది నిజం కాదు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ సమాచారం వెళ్తుంది. మన జిల్లా పోలీసులు దొరికిన ఫోన్లన్నీ టేబుళ్ల మీద పరిచి పిలిచి ఇచ్చే రోజులు అప్పుడప్పుడు వస్తాయి, పేపర్లో చూసే ఉంటారు.

మూడో రోజు యూపీఐ. ఒకసారి తప్పింది, కారణం చిన్నది: ఆ పాత ఫోన్‌లో రెండో సిమ్ ఉంది, యాప్ దాని నుంచి ఎస్సెమ్మెస్ పంపింది. దాన్ని తీసేసి, వైఫై ఆపి, మళ్లీ చేస్తే పట్టింది. పిన్ పాతదే పనిచేసింది. ఫోన్ మారాక మొదటి 24 గంటలు 5,000 రూపాయలకి మించి పోదు, అద్దె కట్టే రోజైతే గుర్తుంచుకోండి.

కొత్త ఫోన్ కొన్నాక సెట్టింగ్స్‌లో చేసుకున్నవి: సిమ్ లాకు, లాక్ స్క్రీన్ మీద మెసేజీలో ఉన్నది కనపడకుండా ఉంచడం, గూగుల్ సెట్టింగ్స్‌లో దొంగతనం రక్షణ కింద ఉన్నవన్నీ ఆన్. సిమ్ లాకుతో జాగ్రత్త. మొదట కంపెనీ పెట్టిన పిన్ ఒకటి ఉంటుంది, అది కనుక్కోకుండా ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే అనే సిమ్ తెరిచే కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ చచ్చిపోతుంది. అప్పుడు మళ్లీ సుభాష్ రోడ్డు, మళ్లీ 24 గంటలు. *#06# కొట్టి వచ్చిన రెండు నంబర్లూ బీరువాలో ఆ కోడ్‌ల కాగితం మీదే రాశాను.

ఎప్పుడైనా పాత ఫోన్ దొరికిందని స్టేషన్ నుంచి పిలుపొస్తే, తెచ్చుకున్న వెంటనే సిమ్ వేస్తే పనిచేయదు. అదే పోర్టల్‌లో అన్‌బ్లాక్ అని ఉంటుంది, దానికి రిక్వెస్ట్ ఐడీ, ఓటీపీ కావాలి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు కూడా డబ్బు ఇచ్చే ముందు కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి పంపండి. బ్లాకు అయినదైతే తెలిసిపోతుంది. నాది ఈరోజు పొద్దున చూసినా బ్లాకులోనే ఉంది.