లెక్కకెక్కని గంట

లాంగ్ డే అనే పొడవాటి పగటి షిఫ్టు ముగిసి, రోగుల వివరాలన్నీ రాత్రివాళ్లకు అప్పగించే హ్యాండోవర్ కూడా ఇచ్చేశాక మందుల ట్రాలీ దగ్గరే ఆగిపోయిన నన్ను, ఇంగ్లాండులో నేను నర్సుగా పనిచేసే వార్డు మేనేజర్ మందలిస్తుందని ఊహించలేదు. రాత్రి షిఫ్టుకు ఒక నర్సు తక్కువ పడింది, నిండా ముప్పై మంది రోగులు, అందుకే ఆగాను. ఆమె మాత్రం, జీతం లేకుండా నువ్వు చేసే ఈ గంట ఏ రికార్డులోనూ ఎక్కదు, పైవాళ్లు చూసేటప్పటికి వార్డు సజావుగా నడిచినట్టే ఉంటుంది, కొరత గురించి రిపోర్టు పెట్టి ఇంటికి వెళ్లు అన్నది.

మనసు చివుక్కుమంది. డ్యూటీ అయిపోయిందని చెప్పి చేతిలో పని వదిలేసే సిస్టరమ్మను మన దగ్గర ఏమంటారో నాకు తెలుసు. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. అది అందకపోయినా ఓవర్‌టైమ్ ఊసెత్తకుండా పనిచేసినవాళ్ల మధ్య నేను ఈ వృత్తి నేర్చుకున్నాను. మా ఓర్పును తప్పుపట్టడానికి ఈవిడెవరు అనిపించింది.

కానీ ఆమె మాట వదలలేదు. పగటి షిఫ్టులో ఒక నర్సుకు ఎనిమిది మందికి మించి రోగులుంటే ప్రమాదం పెరుగుతుందని ఇంగ్లాండు 2014 మార్గదర్శకాల్లో ఉంది, అయితే అది చట్టం కాదు. నర్సుల సంఖ్యపై వేల్స్ 2016లో చట్టం చేసింది, ఇంగ్లాండు నేటికీ చేయలేదు. చట్టం లేనిచోట రిపోర్టు తప్ప సాక్ష్యం లేదు. నా గంట ఆ సాక్ష్యాన్ని కూడా చెరిపేస్తుంది.

ఈ దేశం లెక్కలోనూ జరిగింది ఇదే. 2017లో ఇంగ్లాండు కొత్తగా చేరే నర్సింగ్ విద్యార్థులకు బర్సరీ, అంటే చదువుకు ప్రభుత్వమిచ్చే సాయం, తీసేసి అప్పుల మీదికి నెట్టింది. 2020 నుంచి ఏటా కనీసం 5,000 పౌండ్ల సాయం మొదలుపెట్టినా ఫీజుల భారం అలాగే ఉంది. 2022 చివరికి ఖాళీలు నలభై వేలు దాటాయి, డిసెంబరులో నర్సులు సమ్మెకు దిగారు. ఆ గుంతలను పూడ్చినవాళ్లలో విదేశాల నుంచి వచ్చిన మేమూ ఉన్నాం. మేము రావడం వల్లే ఆ గుంతలు ఎంత లోతో బయటికి కనిపించలేదేమో! విదేశీ నియామకాల వాటాను దాదాపు పావు వంతు నుంచి 2036-37 నాటికి పదో వంతుకు తగ్గిస్తామని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సిబ్బందిపై వచ్చిన 2023 నాటి ప్రణాళిక చెప్పినప్పుడు, ఏరు దాటాక తెప్ప తగలేస్తున్నారని నొచ్చుకున్నాను. కానీ మావైపు ఆసుపత్రుల నుంచి అనుభవమున్నవాళ్లే ముందుగా విమానం ఎక్కుతారు కాబట్టి, ఆ నిర్ణయంలో న్యాయం లేదని గట్టిగా అనలేకపోతున్నాను.

నాకు నచ్చనిది వేరే ఉంది. ఆ ప్రణాళిక శిక్షణ సీట్లను ఏడాదికి 53,000 దాటించాలంది. ఇక్కడ ప్రతి నర్సింగ్ విద్యార్థి 2,300 గంటల ప్రాక్టీసు పూర్తి చేయాలి, అందులో ఎక్కువ భాగం ఎవరో ఒక నర్సు పక్కన నిలబడే నేర్చుకోవాలి. మొన్న క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడం చూపించమని విద్యార్థిని ఒకమ్మాయి పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది. రెండు బెల్లులు మోగుతుంటే, తరువాత చూద్దాం అని పంపేశాను. సీట్లు పెంచి, వార్డులో నర్సుకు ఇంతమందే రోగులని చట్టం చేయకపోతే, ఆ పిల్లలకు పని చూపించే తీరిక ఎవరికి ఉంటుంది?