ఎండలోకి వెళ్ళకుండానే ఎండదెబ్బ

2015 మే నెల. ఖమ్మంలో మూడో అంతస్తు పోర్షన్ మాది, పైన ఇక స్లాబే. నాకు ఏడో నెల నిండబోతోంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ, ఆ ఏడు రోహిణి రాకముందే అంతపనీ అయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా వడగాడ్పులకి పోయారు. టీవీలో ఆ వార్తలు చూసి మా అత్తయ్య నన్ను గడప దాటనివ్వలేదు. ఇంట్లోనే ఉంది కదా, దీనికేమవుతుందని అందరికీ ధీమా.

రాత్రుల సంగతి ఎవరికీ తట్టలేదు. పగలంతా కాగిన స్లాబు దీపాలు పెట్టాక లోపలికి సెగ దింపేది. ఫ్యాను ఆ సెగనే కిందకి తోసేది. తెల్లవారుజామున లేచినా దిండు వెచ్చగా, కుళాయి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేవి. కరెంటు పోతే ఆ ఫ్యాను కూడా లేదు. దానికి తోడు నా కాళ్ళు వాచాయని, నీళ్ళు తగ్గించమని పక్కింటి పిన్నిగారి సలహా. ఈ సలహా తెలుగునాట ఎన్ని ఇళ్ళలో ఇస్తారో! వాపుకి నీళ్ళు మానడం మందు కాదని, మొహం, చేతులు కూడా వాస్తే బీపీ చూపించుకోవాలని తర్వాత డాక్టరమ్మ చెప్పారు.

మొదట మూత్రం ముదురు పసుపు రంగులోకి మారి మంట మొదలైంది. ‘వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు’ అన్నారు. తాగాను. తర్వాత నడుం లాగడం. ఒక సాయంత్రం పొట్ట బిగుసుకుని, కాసేపు అలాగే ఉండి వదిలింది. మళ్ళీ బిగిసింది. నొప్పి పెద్దగా లేదు. కానీ వేలితో నొక్కి చూసుకుంటే నుదురు నొక్కినట్టుంది. మా ఆయనకి ఫోన్ చేశాను. ‘గ్యాస్ అయ్యుంటుందేమో’ అంటూనే ఆటో తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో పొట్టకి రెండు బెల్టులు కట్టి మిషన్ పెట్టారు. కాగితం మీద బిడ్డ గుండె గీత ఒకటి, దాని కింద నా పొట్ట బిగిసినప్పుడల్లా లేచే గుట్టలు. స్కాన్‌లో ఉమ్మనీరు 6 సెంటీమీటర్లు వచ్చింది. 5 కన్నా తగ్గితే ప్రమాదమట. మూత్రంలో ఇన్ఫెక్షన్. ‘ఎండలోకి అసలు వెళ్ళలేదండీ’ అంది మా అత్తయ్య, తప్పు తనది కాదని చెప్పుకుంటున్నట్టు. డాక్టరమ్మ ఆవిడ్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఒళ్ళు వేడెక్కితే చల్లబరచడానికి ఆ రక్తం చర్మంవైపు మళ్ళుతుంది, అప్పుడు కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయకి వెళ్ళేది తగ్గొచ్చు. చెమట రూపంలో నీళ్ళు పోయి మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్ పట్టుకోవడం తేలిక. నీళ్ళు తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా గర్భసంచి బిగుసుకుంటుంది. నాకు రెండూ కలిశాయి.

సెలైన్, యాంటీబయాటిక్, నెలలు నిండకుండా కాన్పయితే బిడ్డ ఊపిరితిత్తులు తట్టుకోవడానికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజక్షన్లు. నొప్పులు ఆపడానికి నిఫెడిపిన్ ఇచ్చారు. అది బీపీ మాత్ర. ‘నాకు బీపీ లేదు కదా సిస్టర్, ఎవరిదో నాకిస్తున్నారేమో’ అని టెన్షన్ పడ్డాను. గర్భసంచి కండరాన్ని కూడా అదే వదులు చేస్తుందట. వేసుకున్న కాసేపటికే చెవులు, బుగ్గలు భగ్గుమని తల దిమ్మెక్కేది. అసలే మే నెల!

పక్క మంచం మీదున్న అమ్మాయికి ఐదో నెల. ఉపాధి హామీ పనిలో చెరువు పూడిక తీస్తూ కళ్ళు తిరిగి పడిపోయి, కడుపులో నొప్పితో వచ్చింది. నాకైతే గడప దాటొద్దనే అత్తగారైనా ఉంది. ‘మానేస్తే కూలి ఎవరిస్తారక్కా’ అని సెలైన్ అయిపోగానే వెళ్ళిపోయింది. తమిళనాడులో 800 మంది గర్భిణుల్ని పరిశీలిస్తే, వేడిలో పనిచేసేవాళ్ళలో గర్భస్రావాల ముప్పు రెట్టింపని తేలినట్టు 2024లో చదివినప్పుడు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. 27 దేశాల్లోని 70 అధ్యయనాల్ని కలిపి చూసి 2020లో వేసిన లెక్క ఇంకొకటుంది. వడగాడ్పుల రోజుల్లో నెలలు నిండని కాన్పుల అవకాశం 16 శాతం ఎక్కువట. ఒక్క మనిషికి అది పెద్ద తేడా కాదు, కానీ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళందరికీ కలిపి లెక్కేస్తే తక్కువేం కాదు.

పొట్ట బిగువు తగ్గి, ఉమ్మనీరు 9కి వచ్చాక ఇంటికి పంపారు. బందరు తీసుకెళ్తానని మా అమ్మ పట్టుబట్టింది, సముద్రపు గాలి తగులుతుందని. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అంత దూరం ప్రయాణం ఒక కారణమైతే, ఉక్కపోత రెండోది. ఆ తేమలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కూలరు కూడా అక్కడ గదిని ముద్ద చేయడం తప్ప ఏమీ చేయదు. ఖమ్మం పొడి వేడిలో అదే కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంటి ఓనరుని బతిమాలి కింద ఖాళీగా ఉన్న పోర్షన్‌లోకి దిగాం. నాపరాళ్ళ గచ్చు, కూలరు, మంచం పక్కన కూజా. అమ్మే బందరు నుంచి వచ్చి ఉంది. మూత్రం రంగు లేతగా ఉందా అని పొద్దున్నే నన్నడగడం అత్తయ్యకి డ్యూటీ అయింది. సిగ్గుతో చచ్చేదాన్ని.

వానలు పడ్డాక, జులైలో పాప పుట్టింది, 2 కిలోల 400 గ్రాములు. కామెర్లకి నీలం లైటు కింద పెట్టారు తప్ప ఊపిరికి ఇబ్బంది లేదు. నేను తేరుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. దసరా దాకా మెట్లెక్కితే ఆయాసం, మూత్రం రంగు మారిందంటే భయం.

గర్భిణుల కార్డులో బరువు, బీపీ, రక్తం శాతం రాస్తారు. ఇంటి పైకప్పు ఏంటి, రాత్రి ఎక్కడ పడుకుంటావు, ఏం పని చేస్తావు అని నన్నయితే ఎవరూ అడగలేదు. మొన్న మా ఆడపడుచు కూతురికి ఆరో నెల అని తెలియగానే నేనే అడిగాను. రేకుల ఇల్లు. మా అత్తయ్య అప్పటికప్పుడు వెళ్ళి పిల్లని వెంటబెట్టుకొచ్చింది.