రెండు భాషల మాటలూ లెక్కలోకే

మా బాబుకు రెండేళ్ళు నిండినా మాటలు సరిగా రాకపోవడంతో, మొదట చూపించిన చోట ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమన్నారు. ఇంగ్లీషు రాని మా అత్తయ్యగారు ఆ మూడు నెలలూ మనవడితో దాదాపు మౌనంగానే గడిపారు. ఆ సలహాను మారుమాట లేకుండా పాటించినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తరువాత కలిసిన స్పీచ్ థెరపిస్టు, 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువుకున్నావిడ, వాడు పలికే మాటలన్నీ, ఏ భాషవైనా సరే, ఒక కాగితం మీద రాసుకు రమ్మన్నారు. ఇంగ్లీషువి పద్దెనిమిదే, "బువ్వ", "లాల", "తాత" వంటివి కలిపితే నలభై ఒకటి. రెండేళ్ళకు సాధారణంగా చూసే యాభైకి అది తక్కువే కనుక థెరపీ అవసరమేనని, అయితే రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, నిజంగా భాషా లోపమే ఉంటే అది రెండింటిలోనూ కనిపిస్తుందని ఆవిడ ఓపికగా వివరించారు.

"నీళ్ళు"ను వాడు "నీల్లు" అనడం నా మరో దిగులు. ళకారం తెలుగు పిల్లలకు ఎలాగూ ఆలస్యంగానే పలుకుతుందట.

ఇంట్లో చేయించాల్సిన అభ్యాసం మాత్రం అత్తయ్యగారికే అప్పగించారు: వాడు "బాల్" అంటే దిద్దకుండా, "ఎర్ర బంతి" అని ఒక మాట చేర్చి తిరిగి చెప్పడం. నిన్న సాయంత్రం వాడు వంటింటి గడప దగ్గర నిలబడి, "నానమ్మా, వాటర్ కావాలి" అన్నాడు.

"చల్లని నీళ్ళు కావాలా, నాన్నా?" అంటూ ఆవిడ కుండ మూత తీశారు.