నాలుగు గంటల సినిమా, పదకొండు రోజుల పంచాయితీ

ఎట్టకేలకు ఈరోజు సినిమా చూశాం. నిడివి 242 నిమిషాలు. దాన్ని ఎలా చూడాలన్న పంచాయితీ మాత్రం పదకొండు రోజులు నడిచింది. అందులో రెండు రోజులు నేను ఒకరితో మాట్లాడలేదు. ఎవరితోనో రాయను, ఈ డైరీ తమ్ముడు కూడా చదువుతాడు.

సినిమా 'జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్'. బ్యాట్‌మన్, సూపర్‌మన్, వండర్ ఉమన్, ఆక్వామన్, ఫ్లాష్, సైబోర్గ్ కలిసి పోరాడే కథ. చూసేవాళ్ళం నలుగురం. తమ్ముడు అప్పటికే మూడుసార్లు చూశాడు. నేను ఒకసారి చూశాను, అదీ రెండు విడతలుగా. రెండో విడతలో సగం కునుకుపాట్లే. అక్క కొడుకు మొత్తంగా ఎప్పుడూ చూడలేదు, ఫోనులో ముక్కలు ముక్కలుగా చూశాడు, కాబట్టి అంతా తెలుసనే ధీమా. నా స్నేహితురాలికి ఈ లోకంతో బొత్తిగా పరిచయం లేదు. "బ్యాట్‌మన్ ఎగురుతాడా?" అని మొదటిరోజే అడిగింది. అప్పుడు తమ్ముడి మొహం చూడాలి.

అసలు తగువంతా ఆమె గురించే. కొత్తగా చూసేవాళ్ళను ఎక్కడి నుంచి మొదలుపెట్టించాలి?

తమ్ముడి లెక్క ప్రకారం ముందు సూపర్‌మన్ కథ మొదలయ్యే 2013 నాటి 'మ్యాన్ ఆఫ్ స్టీల్'. తర్వాత 2016 నాటి 'బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్', అదీ థియేటర్లకు వచ్చిన రూపం కాదు, అరగంట ఎక్కువున్న అల్టిమేట్ ఎడిషన్. ఆ పైన 2017లో థియేటర్లలో విడుదలైన 'జస్టిస్ లీగ్'. చివర్లో ఇది. కాగితం మీద కూడి చూస్తే పదకొండు గంటల పైచిలుకు తేలింది. "డిగ్రీ పరీక్షకు కూడా నేను ఇంతసేపు కూర్చోలేదు" అంది స్నేహితురాలు.

నా పట్టు వేరు. 2017 నాటిది చూపించనక్కర్లేదు. రెండూ ఒకే కథ, ఒకే నటులు. 2017 మేలో, కూతురు చనిపోయాక, దర్శకుడు స్నైడర్ ఆ పని నుంచి తప్పుకున్నాడు. జాస్ వీడన్ అనే మరో దర్శకుడు వచ్చి కొన్ని సన్నివేశాలు తిరగరాసి, మళ్ళీ తీసి, రెండు గంటలకు కుదించాడు. సైబోర్గ్ కథ చాలావరకు ఎగిరిపోయింది. అందరికంటే పెద్ద విలన్ డార్క్‌సైడ్ అసలే లేడు. సంగీత దర్శకుడు కూడా మారాడు. మళ్ళీ తీసే సమయానికి సూపర్‌మన్‌గా నటించిన హెన్రీ కావిల్ ఇంకో సినిమా కోసం మీసం పెంచి ఉన్నాడు, గీయించుకోవడానికి వీల్లేదు. దాంతో కంప్యూటర్‌లో చెరిపేశారు. సూపర్‌మన్ పైపెదవి సినిమా మొదటి దృశ్యంలోనే ఏదోలా ఉంటుంది. ఒకసారి గమనించామా, ఇక కళ్ళు అక్కడి నుంచి కదలవు.

"అందుకే ముందు అది చూపించాలి అక్కా. అది చూడకపోతే దీని విలువ ఎలా తెలుస్తుంది?" అంటాడు తమ్ముడు. ఎండ విలువ తెలియడానికి ముందు వానలో తడిపించాలా అని నేను. తడిస్తేనే తెలుస్తుందని వాడు. ఇక్కడే ఆ రెండు రోజుల మౌనం.

నిజానికి ఈ విషయంలో నాకు పాత దెబ్బ ఒకటి ఉంది. కిందటేడు ఇదే స్నేహితురాలికి అవెంజర్స్ సినిమాలు చూపిద్దామని పూనుకున్నాను. విడుదలైన వరుసలో కాకుండా కథా కాలం వరుసలో చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుందని నా తెలివి. మొదట రెండో ప్రపంచయుద్ధం నాటి కెప్టెన్ అమెరికా. రెండోది 1995లో నడిచే 'కెప్టెన్ మార్వెల్'. అంతవరకు బాగానే ఉంది. ఆ రెండోదాని చివర, పేర్లు పడుతుండగా, ఒక చిన్న దృశ్యం వస్తుంది. అది ఆ వరుసలో ఎంతో తర్వాత వచ్చే 'ఇన్ఫినిటీ వార్' సినిమా తర్వాత జరిగేది! "వీళ్ళెవరు? ఎందుకు ఏడుపు మొహాలు పెట్టుకున్నారు? ఆ పేజర్ ఎవరిది?" అని వరుసగా ప్రశ్నలు. ఒక్కదానికైనా జవాబు చెబితే ఇంకా చూడని ఇరవై సినిమాల గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఆమె ఊరుకోదు. 'బ్లాక్ విడో' ఇంతకంటే ఘోరం: కాలం వరుసలో పెడితే ఆ మనిషి బతికుండగానే ఆమె సమాధి చూపించినట్టవుతుంది. ఆ సినిమాలు తీసినవాళ్ళు ఏది ముందు చెప్పాలో, ఏది దాచాలో విడుదల తేదీలను బట్టే లెక్క వేసుకున్నారు. కాలక్రమం మనం తర్వాత కూర్చుకున్నది. ఆ ప్రయత్నం మూడో సినిమా దగ్గరే ఆగిపోయింది.

చివరికి రాజీ కుదిరింది. 'మ్యాన్ ఆఫ్ స్టీల్' కథ తమ్ముడు ఫోనులో పది నిమిషాల్లో చెప్పాలి. (యాభై అయిదు నిమిషాలు చెప్పాడట.) సూపర్‌మన్ ఎలా చనిపోయాడో తెలియాలి కాబట్టి 2016 నాటిది కిందటి ఆదివారం అందరం చూడాలి. 2017 నాటిది వద్దు. నలుపు తెలుపుల్లో 'జస్టిస్ ఈజ్ గ్రే' పేరుతో వచ్చిన రూపం చూద్దామని తమ్ముడు చివరి బాణం వదిలాడు. "నాలుగు గంటలు, అది కూడా రంగు లేకుండానా?" అని స్నేహితురాలు ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఉదయం పదిగంటలకు కూర్చున్నాం. తెరలు దించాం, ఫోన్లు పక్క గదిలో పెట్టాం. అక్క కొడుకు మొహం ఆస్తి రాసిచ్చినవాడిలా అయింది. సినిమా మొదలవగానే, దర్శకుడి ఊహ చెక్కుచెదరకుండా ఉండేందుకు దీన్ని 4:3 ఆకృతిలో (వెడల్పు నాలుగు వంతులైతే ఎత్తు మూడు) చూపిస్తున్నామని ఒక ప్రకటన వస్తుంది. అది ఎవరూ చదవలేదు. బొమ్మకు రెండు పక్కలా నల్లగా కనిపించగానే స్నేహితురాలు, "టీవీ పాడైందా?" అంది.

తమ్ముడు ఇలాంటి అవకాశం కోసమే పుట్టాడు. సినిమా ఆపి, కొలిచే టేపు తెచ్చాడు. మా టీవీ తెర వెడల్పు 48 అంగుళాలు. బొమ్మ వెడల్పు 36. అటు ఆరు, ఇటు ఆరు అంగుళాలు నలుపు. అంటే తెరలో నాలుగో వంతు ఖాళీ. ఐమాక్స్‌లాంటి ఎత్తైన తెరను మనసులో పెట్టుకుని స్నైడర్ ఈ ఆకృతి ఎంచుకున్నాడు. కానీ 2021 మార్చి 18న సినిమా వచ్చింది ఓటీటీలో, అందరూ చూసింది ఇంట్లోని వెడల్పాటి టీవీల్లో. నాకు ఇది కాస్త మొండితనంగానే తోస్తుంది. పెళ్ళికి కుట్టించుకున్న బట్టలు పెళ్ళి ఆగిపోయినా తొడుక్కుని కూర్చున్నట్టు. అయినా ఆ మొండితనం నాకు నచ్చుతుంది. తమ్ముడికి ఈ మాట చెప్పలేదు.

నేను మంచినీళ్ళకు వెళ్ళి తిరిగొచ్చేసరికి తెర నిండా బొమ్మ ఉంది. వండర్ ఉమన్ జాతివాళ్ళైన అమెజాన్ల కోటలో విలన్ స్టెపెన్‌వుల్ఫ్ నిలబడి ఉన్నాడు. ఏదో తేడా. ఒంటినిండా ముళ్ళ కవచం, ఆ గొడ్డలి, అంతా సరిగానే ఉంది, కానీ మనిషి ఎవరో పెద్దమనిషిలా, కాస్త దిగులుగా కనిపిస్తున్నాడు. ఒక్క క్షణం ఆగితే అర్థమైంది: కొమ్ములు లేవు. నుదుటి దగ్గర బొమ్మ తెగిపోయింది. అక్క కొడుకు రిమోట్‌లో జూమ్ నొక్కాడు.

"నల్లగా ఉంటే వృథా కదా పిన్నీ, నింపాను."

నింపలేదు నాయనా, కోశావు. పక్కలు నిండాలంటే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు పోవాల్సిందే. కోయకుండా సాగదీసే ఇంకో మార్గం ఉందని వాడు అదీ నొక్కి చూపించాడు. అమెజాన్ల గుర్రం ఎలుగుబంటిలా అయింది. నలుగురం నవ్వుకుని మళ్ళీ అసలు ఆకృతికి వచ్చాం. కొమ్ములు తిరిగొచ్చాయి. చిత్రం ఏమిటంటే, ఆ తర్వాత ఎవరికీ నలుపు కనబడలేదు. పది నిమిషాల్లో కన్ను దాన్ని గోడలాగా వదిలేసింది.

ఇంకో తగువు కూడా తెగింది. టీవీలో కదలికలను నున్నగా చేసే సదుపాయం ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఆ సదుపాయం మధ్యలో లేని ఫ్రేములను తానే ఊహించి చేరుస్తుంది. దాంతో కోట్లు పోసి తీసిన పోరాటం రోజూ వచ్చే సీరియల్‌లా కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ ఇది ఆపేయమని ప్రత్యేకంగా వీడియోలో చెప్పాడు. మా టీవీలో అది మూడు మెనూల లోపల దాక్కుంది. "ఇలాగే బాగుంది, మ్యాచ్‌లా స్పష్టంగా ఉంది" అని అక్క కొడుకు గొణిగాడు. ఆపేశాం.

వాడి మరో కోరిక సినిమాను ఒకటిన్నర వేగంతో చూద్దామని. 161 నిమిషాల్లో అయిపోతుందట. ఈ సినిమాలో స్లో మోషన్ ఎంతుందో చూసినవాళ్ళకు తెలుసు. ఒక అమ్మాయిని కారు ప్రమాదం నుంచి ఫ్లాష్ తప్పించే దృశ్యంలో గాలిలో తేలే గాజుముక్కలను లెక్కపెట్టవచ్చు. అంత శ్రమపడి వాళ్ళు నెమ్మదింపజేసినదాన్ని వీడు మళ్ళీ మామూలు వేగానికి తెస్తాడన్నమాట. (ఆక్వామన్ సముద్రంలోకి వెళ్ళిపోయాక ఆడవాళ్ళు నిలబడి పాడే చోట మాత్రం నాకూ ఒకటిన్నర నొక్కాలనిపించింది.)

సినిమాను ఆరు భాగాలుగా, చివర ఒక ముగింపు భాగంగా విడగొట్టారు కాబట్టి ఎక్కడ ఆపాలన్న చిక్కు రాలేదు. మూడో భాగం తర్వాత అరగంట ఆగాం. అయిదో భాగం మధ్యలో ఎవరూ లేవకూడదని తమ్ముడు ముందే షరతు పెట్టాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. సైబోర్గ్ తండ్రి కొడుకు కళ్ళముందే ఆ గదిలో ఉండిపోయే చోటికి వచ్చేసరికి స్నేహితురాలు కళ్ళు తుడుచుకుంటోంది. బ్యాట్‌మన్ ఎగురుతాడా అని అడిగిన మనిషి! అరగంట ముందు లేచి వెళ్ళిన అక్క కొడుకు కూడా షరతు మరిచిపోకుండా గుమ్మంలోనే నిలబడి చూశాడు, లోపలికి వస్తే అడ్డం వస్తుందని.

2017 నాటిదాంట్లో ఈ తండ్రి చావడు. కొడుకు కథే లేనప్పుడు తండ్రి చావుకు బరువెక్కడిది? ఇది నేనే అన్నాను, విరామంలో కాదు, ఇప్పుడు రాస్తూ. తమ్ముడి ముందు అంటే, "అందుకే ముందు అది చూపించాలన్నాను" అంటాడు.

సినిమా అయ్యాక నల్లటి తెర మీద 'ఫర్ ఆటమ్' అని రెండు మాటలు పడ్డాయి. "శరదృతువు కోసమా?" అన్నాడు అక్క కొడుకు. అది స్నైడర్ కూతురి పేరు అని తమ్ముడు చెప్పాడు. ఈ రూపం విడుదల చేయమని అభిమానులు ఏళ్ళ తరబడి అడిగారని, ఆ ఉద్యమంలో దురుసుగా మాట్లాడినవాళ్ళు ఉన్నారు గానీ ఆత్మహత్యల నివారణకు పనిచేసే సంస్థకు విరాళాలు పోగుచేసినవాళ్ళూ ఉన్నారని, 2020 మేలో ప్రకటన వచ్చిన రాత్రి తాను నిద్రపోలేదని చెప్పాడు. వెనక పాట సాగుతోంది. పేర్లు మొదలవగానే ఆపేసే అలవాటున్న అక్క కొడుకు రిమోట్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు.

పాట అయిపోయాక స్నేహితురాలు ఒళ్ళు విరుచుకుని, "బాగుంది. మరి ఆ డార్క్‌సైడ్ సైన్యంతో వస్తానన్నాడు కదా. ఎడారిలో ఆ కల సంగతేమిటి? రెండో భాగం ఎప్పుడు చూద్దాం?" అంది.

నేను తమ్ముడి వైపు చూశాను. తమ్ముడు టేపు వైపు చూశాడు.

"లేదు."

"అంటే, ఇంకా రాలేదా?"

"తీయలేదు. ఇక తీయరు కూడా. 2022లో ఆ సినిమాల పెత్తనం వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. 2025లో కొత్త సూపర్‌మన్ వచ్చేశాడు."

ఆమె మా ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసింది. "ఏ వరుసలో చూడాలో, ఏ ఆకారంలో చూడాలో, ఎంత వేగంతో చూడాలో పదకొండు రోజులు చెప్పారు. ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదే!"

తమ్ముడు టేపు చుట్టుకుంటూ, ఏదో పని ఉందని లేచాడు.