పూజకా, భోజనాలకా

మా అత్తింటివాళ్ళ కతోలిక చర్చిలో, పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని పాప మొదటిసారి అందుకునే పండగకి, అంటే మొదటి సత్ప్రసాదానికి, ఎవరెవర్ని పిలవాలో రాసుకుంటూ కూర్చుంటే, సాయంత్రం మా ఆడపడుచు ఒక మాట అనేసి వెళ్ళింది. "మీ అమ్మగారి వైపు వాళ్ళకి పూజ సంగతెందుకు వదినా, మధ్యాహ్నం భోజనాలకి రమ్మంటే సరిపోద్ది. సత్ప్రసాదానికి అందరూ లేచెళ్తుంటే వాళ్ళు కూర్చోవాలి, వాళ్ళకే ఇబ్బంది." ఈయన విన్నారు, విని టీవీ వైపు తిరిగారు. నాకు అన్నం సయించలేదు.

ఇబ్బంది ఎవరికి? అదే పట్టికలో కింది వాటా మాస్టారి కుటుంబం ఉంది, ఈయన ఆఫీసు వాళ్ళున్నారు. వాళ్ళు క్రైస్తవులే కారు. వాళ్ళని మాత్రం పొద్దున 8 గంటల పూజకే రమ్మంటున్నాం, ముందు బెంచీ ఉంచుతున్నాం. వాళ్ళూ సత్ప్రసాదం తీసుకోరుగా! వాళ్ళు కూర్చుంటే మర్యాద, పాపకి నీళ్ళు పోసి పెంచిన మా అమ్మ కతోలికురాలు కాదు, లూథరన్ ప్రొటెస్టెంటు కాబట్టి సత్ప్రసాదం తీసుకోకుండా కూర్చుంటే పదిమందిలో చిన్నతనమా?

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్ళో లూథరన్లున్నారు. ఆర్‌సీఎం, అంటే కతోలిక, వాళ్ళతో వియ్యమందుకున్న ఇల్లు మాదొక్కటే కాదు. పెళ్ళికి ముందు ఫాదర్ గారు నాకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వలేదు, చిన్నప్పుడు మా చర్చిలో తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుందన్నారు. ఆ బాప్తిస్మానికి నన్నెత్తుకుని తీసుకెళ్ళింది అమ్మే కదా.

అమ్మకీ ఈ సత్ప్రసాదం సంగతి కొత్తగానే ఉంది. "ఎనిమిదేళ్ళ పిల్లకి అప్పుడేనా?" అంది. 1910లో పదో పయస్ పోపుగారు ఏడేళ్ళ ప్రాయం చాలన్నారని సిస్టర్ గారు చెప్పింది చెప్పాను. "మీకు ఆజ్ఞలన్నీ అప్పజెప్పాకే ఇచ్చారమ్మా" అంది.

నిజమే. నా కన్ఫర్మేషన్‌కి తొమ్మిదో తరగతి అయిపోయింది. మా చర్చిలో అది అయ్యాకే సత్ప్రసాదం మొదటిసారి ఇచ్చేవారు. లూథర్ చిన్న కేటకిజం, అంటే మత పాఠాల ప్రశ్నోత్తరాల పుస్తకం, నాన్న కంఠతా పట్టించేవారు. కరెంటు పోతే వాకిట్లో మంచం వేసి, కిరసనాయిలు దీపం పెట్టి, పది ఆజ్ఞలూ వరసగా, ఒక్కో ఆజ్ఞకీ అర్థంతో సహా. ఎనిమిదో ఆజ్ఞ దగ్గర నాకు ఎప్పుడూ తడబాటే. పొరుగువాడి గురించి మంచే మాట్లాడాలి అనే ముక్క వదిలేసేదాన్ని, నాన్న మళ్ళీ మొదటి ఆజ్ఞ నుంచి మొదలుపెట్టించేవారు. వంటింట్లోంచి అమ్మ ఆ ముక్క మెల్లగా అందించేది. ఆ ఆదివారం తెల్ల ఓణీకి గంజి పెట్టి తనే ఇస్త్రీ చేసింది. బలిపీఠం ముందు కమ్మీల దగ్గర సత్ప్రసాదానికి నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను ఒకే వరసలో మోకరించాం. నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో లేవలేకపోతే పాస్టరు అయ్యగారు ఆగారు, మా వరసంతా ఆగింది.

పాప తెల్లగౌనులో బలిపీఠం దగ్గరికి వెళ్తుంటే అలాంటి వరస ఉండదు. అక్కడికి మా ఆడపడుచు మాటలో ఒక ముక్క నిజమే. పైగా ఆదివారం, అమ్మ తన ఆరాధన మానుకుని రావాలి. భోజనాలకే రమ్మంటే అమ్మకి తేలికేమో. ముందు అమ్మనే అడుగుదాం అనుకున్నాను.

కానీ అడిగితే అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "నాకెందుకులే తల్లీ, మీరు చూసుకోండి" అంటుంది. అలా అడగడమే రావద్దని చెప్పినట్టు. అడగను, పిలుస్తాను.

పాప ఈ గొడవలేమీ ఎరగదు. సిస్టర్ గారు సాధనకిచ్చిన ఉత్త అప్పం రుచి లేదని చెప్పింది, "ఆమెన్" మాత్రం ఇల్లంతా వినపడేలా అంటోంది.

రేపు బ్రాడీపేటలో కార్డులు అచ్చుకివ్వాలి. పూజ సమయం పైన, భోజనాల సమయం కింద, అందరికీ ఒకటే కార్డు. పెద్దక్కకి ఫోన్ చేసి పూజంతా అమ్మ పక్కనే కూర్చోమంటాను. ముందు బెంచీలో. ఆఫీసు వాళ్ళు రెండో బెంచీలో కూర్చున్నా వాళ్ళకేం తక్కువ కాదని ఈయనకి పొద్దున్నే చెప్తాను.